బావ ముక్కు

బావ నన్ను పనిలో పెట్టుకున్న రోజున ముందుగా నన్ను వాసన చూశాడు. చొక్కా కాలరు దగ్గర ఒకసారి, మణికట్టు దగ్గర ఒకసారి, చివరికి తల వంచమని నడినెత్తి మీద ఒకసారి.

"ఆ సబ్బు మార్చు. తలనూనె మానెయ్. కాఫీ తాగి వచ్చావు, సరే. సిగరెట్టు ఎవడిది?"

"బస్టాపులో ఎవరో కాలుస్తున్నారు బావా."

"ఎవడైతేనేం, ఇక్కడికి మోసుకొచ్చింది నువ్వు. ఇంటికెళ్ళి స్నానం చేసి రా."

అలా నా మొదటి రోజు ఉద్యోగం పది నిమిషాల్లో ముగిసింది.

అప్పటికి నాకు ముప్ఫై రెండేళ్ళు. ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. అది మూతపడ్డాక అక్క తన మొగుడితో పోరి పోరి నన్ను దుకాణంలో పెట్టించింది. వీధి మలుపులో, తాళాలు బాగుచేసే కొట్టుకీ లాండ్రీకీ మధ్య ఇరుక్కున్న ఒక పొడుగాటి గది అది. కింద నేలమాళిగ, పైన అక్కావాళ్ళ కాపురం. బావ అక్కడ వైన్ తప్ప ఇంకేమీ అమ్మేవాడు కాదు. ఎవరైనా వచ్చి బీరు అడిగితే, దారి తప్పిన మనిషికి సాయం చేస్తున్నట్టు గుమ్మం దాకా వచ్చి, "ఎడమవైపు మూడో వీధి" అని చూపించి పంపేవాడు.

బావ పోయి పద్నాలుగు నెలలైంది. ఆయన ఎలాంటివాడని ఎవరైనా అడిగితే మంచి మనిషి అని చెప్పి ఊరుకుంటున్నాను. అది నిజమే కానీ సగం నిజం. ఆయన పచ్చి అనుమానపు మనిషి. లాండ్రీ ఆవిరి గోడలోంచి వచ్చి తన సరుకుని పాడుచేస్తోందని అనుమానం. సరుకు తెచ్చేవాళ్ళు దారిలో బండి ఎండలో నిలిపి భోజనం చేశారని అనుమానం. సీసాల మీది కాగితాలంటే మరీను. "ఇది సీసాని అమ్మడానికి రాసింది, వైన్ గురించి రాసింది కాదు," అనేవాడు. కొనడానికి వచ్చేవాళ్ళు చెప్పే మాట ఒక్కటి కూడా మొదటిసారే నమ్మేవాడు కాదు. తమాషా ఏమిటంటే, జనం వచ్చేది అందుకే.

ఒకసారి ఒక కుర్రాడు వచ్చి మంచి ఎర్ర వైన్ కావాలన్నాడు.

"ఎవరితో తాగుతారు?" అన్నాడు బావ.

"ఫ్రెండ్స్‌తో అండీ."

"ఎంతమంది?"

"ఒక్కరే."

"అయితే ఫ్రెండ్‌తో అనండి. వంట మీరా, ఆవిడా?"

ఆవిడ అని ఆ కుర్రాడు చెప్పనే లేదు. చెవులు ఎర్రబడ్డాయి. "నేనే. చేప వండుదామని."

"ఇంతకుముందెప్పుడైనా వండారా?"

"లేదు."

"తెల్లది తీసుకోండి. చేప మాడినా ఇది కాస్త ఆదుకుంటుంది. ఖరీదైన ఎర్రది తరవాత చూద్దాం, ఆవిడ రెండోసారి వస్తే."

ఆవిడ రెండోసారి వచ్చింది. ఆ మాట చెప్పడానికి కుర్రాడు పనిగట్టుకుని దుకాణానికి వచ్చాడు.

ప్రతి సీసా మెడకీ బావ స్వహస్తాలతో రాసిన చీటీ ఒకటి వేలాడేది. "మొదటి గ్లాసుకి ముభావంగా ఉంటుంది, రెండో గ్లాసుకి కబుర్లలో పడుతుంది." "అత్తగారు వచ్చిన రోజుకి. ఆమె వెళ్ళాక తాగితే ఇంకా బాగుంటుంది." జనం ఈ చీటీలు చదవడానికే వచ్చి, చదివినందుకు మొహమాటపడి కొనుక్కుపోయేవాళ్ళు. కొత్త సరుకు వచ్చినప్పుడల్లా పొద్దున్నే పరగడుపున ఒక సీసా తెరిచి, కళ్ళు మూసుకుని వాసన చూసి, ఒక్క గుక్క నోట్లో తిప్పి రేకు గిన్నెలో ఉమ్మి, అప్పుడు చీటీ రాసేవాడు. చీటీ లేని సీసా అరలోకి ఎక్కకూడదు. పేరు అదే అయినా ఏడాది మారితే చీటీ మారాల్సిందే. "పోయినేటి ఎండ ఈ ఏడు కాస్తుందా?" అనేవాడు.

నేను చేరిన రెండేళ్ళకి నాలుగు రోడ్ల కూడలిలో ఒక పెద్ద స్టోరు తెరిచారు. దీపాలు, చక్రాల బుట్టలు, వందల రకాల సీసాలు, మాకంటే తక్కువ ధరలు. మా దగ్గర ఉన్నది బావ మాట ఒక్కటే. ఆ మాట మీద పేట జనానికి గురి ఉన్నంతకాలమే దుకాణం, పైన కాపురం, నా జీతం.

ఆ చలికాలం బావ జ్వరంతో పది రోజులు మంచం పట్టాడు. దుకాణం నేనే చూసుకున్నాను. పదకొండో రోజు చొక్కా వదులై, మెడకి మఫ్లర్ చుట్టుకుని దిగి వచ్చాడు. వచ్చీ రాగానే ఆగిపోయిన కొత్త సరుకుకి చీటీలు రాయడానికి వెనకగదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. అంతకుముందు ఎన్నడూ ఆ తలుపు వేసేవాడు కాదు. గదిలోంచి రేకు గిన్నె చప్పుడు మాత్రం మామూలుగానే వినిపించింది.

మరో నెలకి మొదటి సీసా వెనక్కి వచ్చింది. తెచ్చినాయన మా వీధి పళ్ళ డాక్టరు. పదేళ్ళుగా వారానికి రెండు సీసాలు కొనే మనిషి.

"బిరడా చెడిందండీ. తడిసిన అట్టపెట్టె వాసన," అన్నాడు సీసా బల్ల మీద పెట్టి.

ఇది ఈ వ్యాపారంలో ఎప్పుడూ ఉండేదే. ఒక్కోసారి బిరడాలో కంటికి కనపడని బూజు చేరుతుంది. వైన్‌కి వానలో తడిసిన అట్ట వాసన అంటుకుని రుచి చచ్చిపోతుంది. అలాంటి సీసా వస్తే మారు మాట లేకుండా ఇంకోటి ఇవ్వడం మా దుకాణం పద్ధతి. అసలు బావ అయితే సీసా బల్ల దాకా రాకముందే "అయ్యో, చెడిందే" అనేవాడు.

ఆ రోజు గ్లాసులో పోశాడు. చాలాసేపు వాసన చూశాడు. "బాగానే ఉందే."

డాక్టరు తెల్లబోయాడు. "బాగుందా?"

"ఇవాళ ఎవరి నోట్లోనో లవంగ నూనె పెట్టి ఉంటారు డాక్టరు గారూ. వాసన మీ చేతులది."

డాక్టరు నవ్వలేదు. ఇచ్చిన కొత్త సీసా తీసుకుని వెళ్ళిపోయాడు.

"చూశావా?" అన్నాడు బావ ఆయన వీధి దాటేదాకా చూసి. "తడిసిన అట్ట అనే మాట ఆయనకి నేర్పిందే నేను. ఇప్పుడు నా మీదికే తిప్పాడు."

నేను గ్లాసు తీసి వాసన చూశాను. "బావా, నాకూ వస్తోంది."

"నీకా?" ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. "అచ్చుతప్పులు చూసుకునేవాడివి, నీకు ముక్కు ఎప్పుడొచ్చింది?"

రెండు వారాల్లో మరో మూడు సీసాలు వచ్చాయి. అన్నీ ఒకే ఎర్ర వైన్, ఒకే సరుకు. ప్రతిదానికీ బావ అదే మాట, బాగానే ఉంది. ఇది పెద్ద స్టోరువాళ్ళ పన్నాగమని ఆయన తేల్చాడు. డబ్బిచ్చి జనాన్ని పంపిస్తున్నారట. సరిగ్గా అప్పుడే ఒక సాయంత్రం నేను ఆ స్టోరులోంచి బయటికి వస్తూ ఆయన కంటపడ్డాను.

"అక్కడేం పని?"

"నేలమాళిగలో బల్బు పోయింది కదా."

"బల్బు కొనడానికి ముప్పావుగంటా?"

స్టోరు మేనేజరు ఒకప్పుడు మా అచ్చాఫీసుకి కరపత్రాలు వేయించుకోవడానికి వచ్చేవాడు. కనపడితే మాట్లాడాను. ఆ సంగతే చెప్పాను. చెబుతుంటే నా మాటలు నాకే కట్టుకథలా వినిపించాయి.

నా అనుమానాలు నాకున్నాయి. బస్టాపులో ఎవడో కాల్చిన సిగరెట్టుని నా కాలరు మీద పట్టేసిన మనిషికి ఈ వాసన తెలియదా? తెలుసు. తెలిసే అమ్ముతున్నాడు. సరుకు పాడైందని ఒప్పుకుంటే వెనక్కి పంపాలి, పంపితే తను పరీక్షించి తీసుకున్నదే తప్పని అందరికీ తెలుస్తుంది. అందుకే మిగిలినవాటికి వేరే చీటీలు తగిలించి మంచి సీసాల్లో కలిపేస్తున్నాడని అనుకున్నాను. తేల్చుకుందామని నేలమాళిగలో ఆ సరుకు సీసాల అడుగున సుద్దతో చిన్న గీత పెట్టాను.

రెండు రోజుల తరవాత వెళ్ళి ఒక సీసా తిప్పి చూస్తే నా గీత పక్కనే ఒక చిన్న ఇంటూ మార్కు ఉంది. ఇంకోటి తిప్పాను. దానికీ ఉంది. నేను స్టోరు నుంచి చెడిన సీసాలు తెచ్చి మారుస్తున్నానేమోనని ఆయన గుర్తులు పెట్టుకున్నాడు. అంటే నా గీతలు ఆయనా చూశాడన్నమాట. ఆ సాయంత్రం ఇద్దరం ఒకరికొకరు ఎదురుపడకుండా సీసాలు తుడిచాం.

"ఇద్దరి వేళ్ళకీ సుద్దే," అంది అక్క టీ తెచ్చి గుమ్మం బయటే పెడుతూ. "ఏం, బడిపంతుళ్ళ ఉద్యోగాలేమైనా వచ్చాయా?"

ఇద్దరం ఒకేసారి చేతులు తుడుచుకున్నాం.

గురువారం అక్క నన్ను లాండ్రీ పక్క సందులోకి పిలిచింది. చేతిలో దుప్పట్ల మూట ఉంది, దాన్ని దించకుండానే చెప్పింది. "శనివారం తరవాత నువ్వు రానక్కర్లేదని చెప్పమన్నారు."

"ఎందుకట?"

"అడిగితే, వాడికే తెలుసు అన్నారు. ఏం చేశావురా?"

"నేనేం చెయ్యలేదక్కా. బావే ఏదో చేస్తున్నాడు."

"నా మొగుణ్ణి అంటున్నావా?"

"ఆయన నీ తమ్ముణ్ణి అన్నాడుగా."

అక్క మూటని ఒక చంక నుంచి ఇంకో చంకకి మార్చుకుంది. "ఎవరి మాట నమ్మాలో నాకు తెలియట్లేదు," అని వెళ్ళిపోయింది. అక్క కూడా ఆ మాట అన్నాక నాకు రాత్రంతా మనసు మనసులో లేదు.

శుక్రవారం కొత్త తెల్ల వైన్ వచ్చింది. బావ తలుపు వేసుకుని చీటీలు రాసి నా ముందు పడేశాడు, కట్టమని. "పచ్చి ఆపిల్ కొరికి, నవ్వు ఆపుకున్నట్టుంటుంది." ఈ వాక్యం నాకు తెలుసు. పన్నెండేళ్ళు అచ్చుతప్పులు చూసిన కళ్ళు ఇవి, ఒకసారి చదివిన వాక్యాన్ని మర్చిపోవు. పాత చీటీల పెట్టె తీసి చూస్తే పోయినేడాది చీటీ దొరికింది. ఒక్క అక్షరం తేడా లేదు, కామా కూడా అక్కడే ఉంది. జ్వరం తరవాత రాసిన మిగతా చీటీలు తీసి పోల్చాను. ఆరూ పాతవే.

వెనకగదిలో ఆయన తెరిచిన సీసా బల్ల మీదే ఉంది. కొంచెం పోసుకుని తాగాను. ఆపిల్ లేదు, పులుపు లేదు. ఆ ఏడు కాసిన ఎండకి ద్రాక్ష బాగా మగ్గి ఉండాలి, తేనె వాసన గుప్పున కొట్టింది. బద్ధకించి పాతది ఎక్కించాడని మొదట కోపం వచ్చింది. అంతలోనే పైనుంచి మాడు వాసన వచ్చింది.

అక్క బట్టలు ఆరేయడానికి డాబా మీదికి వెళ్ళినట్టుంది, పొయ్యి మీద పాలు మాడుతున్నాయి. దుకాణం నిండిపోయేంత వాసన. తాళాలాయన తన కొట్టులోంచి "ఎవరి పాలండీ అవి?" అని అరుస్తున్నాడు. బావ మెట్ల మొదట్లో ముక్కాలిపీట మీద కూర్చుని సీసా మెడకి దారం ముడి వేస్తున్నాడు. మొహంలో ఏ కదలికా లేదు.

"బావా," అన్నాను.

"ఏంటి?" తల ఎత్తి చూశాడు. కేక విని, పక్కకొట్టు వైపు విసుగ్గా చూసి, మళ్ళీ దారం పట్టుకున్నాడు.

నేను ఆయన్ని దాటుకుని పైకి పరుగెత్తి పొయ్యి ఆర్పాను. నల్లబడిన గిన్నె పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. మూసిన తలుపు, అంతసేపు గ్లాసులో ముక్కు పెట్టి ఉండడం, ప్రతిసారీ బాగానే ఉందనడం, అన్నీ ఒక్కటొక్కటిగా అర్థమయ్యాయి. ఆయన ముక్కు పనిచేయడం లేదు. డాక్టరు చెడిందంటాడు, నేను చెడిందంటాను. నిజమో అబద్ధమో తేల్చుకునే దారి ఆయనకి లేదు. ఎవరైనా ముంచాలనుకుంటే ముంచడానికి ఇదే సమయమని ఆయనకి తెలుసు. అందర్నీ నమ్మాలి, లేదా అందర్నీ అనుమానించాలి. మొదటిది ఆయనకి అలవాటు లేని పని.

శనివారం పొద్దున తలుపులు తీస్తూనే అడిగాడు. "అక్క చెప్పిందా?"

"చెప్పింది. బావా, నీతో ఒక మాట..."

ఆ మాట అననే లేదు, డాక్టరు వచ్చేశాడు. చేతిలో సీసా. దుకాణంలో అప్పటికే ఒకావిడ మామగారికి బహుమతి వెతుక్కుంటూ చీటీలు చదువుతోంది.

"ఇది నేను తెచ్చిన రెండోది," అన్నాడు డాక్టరు. "నిన్న మా ఇంటికి ఆరుగురు భోజనానికి వచ్చారు. మీ పేరు చెప్పి మరీ పోశాను. ఒక్కరూ రెండో గుక్క తాగలేదు. అందరి ముందూ చూసి చెప్పండి, ఇది బాగుందా? బాగుందంటే సరే. మీ గడప మళ్ళీ తొక్కను."

బావ గ్లాసులో పోశాడు. తిప్పాడు. ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. చీటీలు చదివే ఆవిడ కూడా చదవడం మానేసి చూస్తోంది. కళ్ళు తెరిచి ఆయన నా వైపు చూశాడు.

నేను ఏం చెప్పినా ఆయనకి తెలియదు. బాగుందని చెప్పి డాక్టర్ని పోగొట్టవచ్చు. ఉద్యోగం తీసేసిన మనిషి మీద కక్ష తీర్చుకోవడానికి అంతకంటే మంచి అవకాశం దొరకదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. ఆ చూపులో బతిమాలుకోవడం ఏమీ లేదు, అప్పటికీ అనుమానమే ఉంది. గ్లాసు మాత్రం మెల్లగా నా వైపు జరిగింది.

"నువ్వు చూడు."

చూశాను. "చెడింది బావా. తడిసిన అట్టే. ఈ సీసా ఒక్కటే కాదు, సరుకంతా చూడాలి."

"అదే కదండీ నేను మొత్తుకుంటున్నది!" అన్నాడు డాక్టరు.

బావ బల్ల మీద రెండు చేతులూ ఆనించాడు. "డాక్టరు గారూ, నా ముక్కు పోయింది. జ్వరంతో పోయింది, మళ్ళీ రాలేదు. మీరన్నది నిజమో కాదో నాకు తెలియలేదు. అందుకని మీదే అబద్ధమనుకున్నాను."

డాక్టరు తను తెచ్చిన సీసాకి మెల్లగా బిరడా బిగించాడు.

"పన్నయితే కట్టేవాణ్ణి," అన్నాడు డాక్టరు చివరికి. "ముక్కు నా చేతిలో లేదు."

"మరి మా మామగారికి ఏం తీసుకోవాలండీ?" అంది ఆవిడ బెదురుగా.

బావ ఆవిడ వైపు తిరిగాడు. "ఆయనకి మీరంటే ఇష్టమేనా?"

ఆవిడ ఆలోచించింది. "బయటపడరు."

"అయితే తియ్యనిది వద్దు, కాకా పడుతున్నారనుకుంటారు. రెండో అరలో, చివరిది." నా వైపు చూడకుండానే అన్నాడు. "ఒరేయ్, ముందు ఆ రకంలో ఒకటి తెరిచి వాసన చూసి, అప్పుడు ఇంకోటి ఇవ్వు."

ఆ తరవాత ఏడేళ్ళు అలాగే గడిచింది. మనిషిని ఆయన చూసేవాడు, సీసాని నేను చూసేవాణ్ణి. చెడిన సరుకు వెనక్కి పంపాం. కొనడం మానేసినవాళ్ళలో కొందరు తిరిగొచ్చారు, కొందరు రాలేదు. అంతటితో నా మీద ఆయనకి గురి కుదిరిందనుకుంటే పొరపాటే. ఒకే వైన్ మూడు గ్లాసుల్లో పోసి తేడాలు చెప్పమనేవాడు, కల్పిస్తానేమో చూద్దామని. నేను చెప్పింది నిజమో కాదో డాక్టర్ని రహస్యంగా అడిగేవాడట. ఆ సంగతి బావ పోయాక డాక్టరే చెప్పి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

కానీ ఆయన తలపుకి వచ్చినప్పుడల్లా నా కళ్ళ ముందు మెదిలేది ఆ శనివారం మధ్యాహ్నమే. దుకాణం తలుపు మూసి వెనకగదిలో కూర్చున్నాం. నిన్నటి తెల్ల వైన్ పోసి నా ముందు పెట్టాడు.

"చెప్పు."

"తేనె. బాగా మగ్గిన బేరిపండు. చివర్లో బాదం తొక్కలాగా కాస్త చేదు."

"ఆపిల్?"

"లేదు."

"కొంచెమైనా?"

"లేదు బావా."

"నువ్వు కల్పించట్లేదని ఏమిటి నమ్మకం?"

"ఏమీ లేదు."

ఆయన లేచి మెట్ల దగ్గర నిలబడి అక్కని పిలిచాడు. పద్దెనిమిదేళ్ళ కాపురంలో అక్క ఒక్క చుక్క ముట్టుకున్నది లేదు. తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ దిగింది.

"ఒక్క గుక్క తాగి ఏమనిపిస్తే అది చెప్పు," అన్నాడు బావ. "వాడి మొహం చూడకు." నా కుర్చీని గోడ వైపు తిప్పాడు.

గోడని చూస్తూ కూర్చున్నాను. గ్లాసు ఎత్తిన చప్పుడు, అక్క దగ్గు.

"వాసనేమో తేనెలా ఉంది. నోట్లో పెడితే మందులా ఉంది. దీనికోసమా జనం ఇంత దూరం వస్తారు?"

"తేనేనా?"

"తేనే."

"ఆపిల్ లేదూ?"

"ఆపిల్ ఎక్కడిది? అంత కొడుతుంటే మీకు తెలియడం లేదా?"

పక్కన లాండ్రీ యంత్రం తిరుగుతున్న చప్పుడు ఒక్కటే వినిపించింది.

"ఏమండీ," అంది అక్క. గొంతు మారింది. "ఎన్నాళ్ళ నుంచి?"

"జ్వరం అప్పటినుంచి."

"మరి రోజూ వంట బాగుంది, బాగుంది అని..."

"అలవాటు కొద్దీ అన్నాను."

"అంటే రెండు నెలలుగా తింటున్నదేమిటో తెలియకుండానే తింటున్నారు. ఒక్కరే. నాకు చెప్పకుండా." కుర్చీ జరిగింది, అక్క కూర్చున్నట్టుంది. మళ్ళీ అంది. "ఇంకేం దాచారు?"

"ఇంకేం లేదు."

"నేనెలా నమ్మను?"

నేను గోడ వైపు తిరిగే ఉన్నాను. బావ నవ్వాడు. గొంతులో గరగరతో, ఇష్టం లేనట్టుగా మొదలైన నవ్వు. అక్క నవ్వలేదు. గ్లాసు ఇంకోసారి తన వైపు జరుపుకున్న చప్పుడైంది.